నాయనమ్మ ప్రార్థన పుస్తకంలో మూడో గడి

మా నాయనమ్మ ప్రార్థిస్తే జరుగుతుందని గుంటూరు కొత్తపేటలో మా వీధి వీధంతా నమ్మేది. మా చర్చి సంఘంలో ఆమెకు పదవి అంటూ ఏదీ లేదు. మిషన్ ప్రాథమిక పాఠశాలలో పంతులమ్మగా పనిచేసి రిటైరైంది. స్త్రీల సమాజంలో శుక్రవారం ఉపవాస ప్రార్థన నడిపించేది, అంతే. అయినా పొగాకు కంపెనీల్లో గ్రేడింగు పనికి పోయే ఆడవాళ్లు, ఎండాకాలం మిరపకాయల ముచ్చికలు తీసే కూలికి వెళ్లేవాళ్లు, వెనక సందులోని ముస్లిం కుటుంబాలవాళ్లు, ఎదురుగా కిరాణా కొట్టువాళ్ల కోడలు, అందరూ జ్వరం పిల్లల్ని చంకనేసుకుని మా అరుగు ఎక్కేవాళ్లు. “పంతులమ్మగారూ, ఒక్కసారి వీడి తల మీద చెయ్యి పెట్టండి” అనేవాళ్లు.

ఇప్పుడు గుంటూరులో ఏ గోడ చూసినా శక్తి, అభిషేకం, అధికారం అనే మాటలతో సభల పోస్టర్లు కనిపిస్తాయి. నేను విశ్వాసిని. దేవుడు స్వస్థపరుస్తాడని మనసారా నమ్ముతాను. ప్రార్థన విని దేవుడు చేసిన మేళ్లు మా ఇంట్లోనే చూశాను. కానీ ఆ పోస్టర్లలో శక్తి పక్కన ఉండవలసిన ఇంకో మాట, పూచీ, నాకు ఎక్కడా కనిపించదు. దాన్ని నేను నాయనమ్మ దగ్గర చూశాను. అందుకే ఆమె గురించి రాయాలనిపించింది.

యాకోబు పత్రికలో రోగికి నూనె రాసి ప్రార్థించమని ఉంది కదా. మా వసారా కిటికీలో ఒక చిన్న సీసాలో కొబ్బరినూనె ఎప్పుడూ ఉండేది. మందుల షాపులో టానిక్కులు వచ్చే గోధుమరంగు సీసా అది. ఎవరు వచ్చినా నాయనమ్మ ముందు పెరట్లోకి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా చేతులు కడుక్కుని వచ్చేది. నూనె ఒక్క చుక్క వేలికి తీసుకుని నుదుటికి రాసేది. ప్రార్థన పొడుగ్గా ఉండేది కాదు. గొంతు పెంచేది కాదు. పిల్లవాడి పేరు, తల్లి పేరు, రోగం పేరు చెప్పి దేవుణ్ణి అడిగేది. పక్కింటికి వెళ్లి చేటడు బియ్యం అడిగినట్టే ఉండేది ఆ అడగడం.

ఒక వానాకాలం రాత్రి రిక్షా తొక్కే ఆయన రెండేళ్ల పాపను ఎత్తుకుని వచ్చాడు. వాంతులు, విరేచనాలు. పొద్దుటి నుంచీ అలాగే ఉందట. నాయనమ్మ నూనె రాసి ప్రార్థించింది. తర్వాత లాంతరు దగ్గరికి జరిపించి, పాప పొట్ట మీద చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి వదిలింది. ముడత వెంటనే సర్దుకోలేదు, అలాగే నిలబడి ఉంది. కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. ఆమేన్ అని ఇంకా నిమిషం కాలేదు, “ఒరేయ్, చొక్కా వేసుకో, కుగ్లర్ ఆసుపత్రికి వెళ్లాలి” అని చిన్నాన్నను కేకేసింది. నన్ను వంటింట్లోకి తరిమి ఉప్పు, పంచదార తెప్పించి గ్లాసు నీళ్లలో కలిపి, చెంచాతో పాప పెదవుల మీద చుక్క చుక్కగా పోయడం మొదలుపెట్టింది.

ఆ తండ్రి బిత్తరపోయాడు. “మీరు ప్రార్థన చేశారు కదమ్మా, ఇంక ఆసుపత్రి ఎందుకు?” అన్నాడు.

“ప్రార్థన చేశాను కాబట్టే నాయనా. ఇప్పుడు ఈ పిల్ల పూచీ నాది కూడా. మిమ్మల్ని ఇంటికి పంపేసి నేను వెళ్లి పడుకుంటే రేపు దేవుడు నన్ను అడగడా?”

ఆయన రిక్షాలోనే ముగ్గురూ వెళ్లారు. పాపకు సెలైను ఎక్కేదాకా నాయనమ్మ అక్కడే ఉంది. తెల్లవారాక ఇంటికి వచ్చి, స్నానం చేసి, చద్దన్నం తిని, మధ్యాహ్నానికి మళ్లీ వెళ్లింది. పాప బతికింది.

ఆ ఆసుపత్రి సంగతి చెప్పడమంటే నాయనమ్మకు ఎంత ఇష్టమో. అన్నా శారా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో గుంటూరు వచ్చింది. ఆమెను పంపినవాళ్లు వైద్యం చేయమని పంపలేదు. పరదాల చాటున ఉండే ముస్లిం స్త్రీలకు చదువు చెప్పమని పంపారు. ఆమె మాత్రం మందులు కూడా తెచ్చుకుంది. ఇళ్లలోకి వెళ్లి అక్షరాలు నేర్పేటప్పుడు కాన్పుల్లో చనిపోయే ఆడవాళ్లను చూసి, చదువు ఒక్కటే చెప్పి ఊరుకోలేకపోయింది. 1898లో ఆసుపత్రి తెరిచారు. ఆమె 1930లో ఈ గుంటూరులోనే కన్నుమూసింది. అంతకు ముందు తరం సంగతీ నాయనమ్మే చెప్పేది. 1842 జూలై 31న గుంటూరులో అడుగుపెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ కొన్నేళ్లకు అమెరికా తిరిగి వెళ్లి, యాభై దాటిన వయసులో వైద్య పట్టా పుచ్చుకుని మళ్లీ ఇక్కడికి వచ్చాడు. “ప్రసంగం రాక కాదు ఆయన డాక్టరీ చదివింది. చూసి ఊరుకోలేక చదివాడు” అనేది. లూథరన్ కుటుంబాల్లో పుట్టిన పిల్లలం కాబట్టి ఈ కథలన్నీ ఆదివారపు బడిలోనూ విన్నాం. కానీ నాయనమ్మ చెబుతుంటే వాళ్లిద్దరూ మా చుట్టాల్లా అనిపించేవాళ్లు.

రిక్షా ఆయన, ఆయన భార్య నెల తిరక్కుండానే ఒక కోడిపెట్టను, తమలపాకుల్లో పెట్టిన జాకెట్టు గుడ్డను తీసుకుని వచ్చారు. నాయనమ్మ పుచ్చుకోలేదు. వాళ్లు నొచ్చుకున్నారు. అప్పుడు వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి బైబిల్లోని గేహజీ కథ చెప్పింది. సిరియా సేనాధిపతి నయమాను కుష్ఠు పోయాక ప్రవక్త ఎలీషా కానుక వద్దని పంపేస్తే, ఎలీషా సేవకుడు గేహజీ వెనకే పరుగెత్తి, అబద్ధమాడి రెండు సంచుల వెండి, రెండు దుస్తుల బట్టలు పట్టుకొచ్చాడు. నయమాను కుష్ఠు గేహజీకి అంటుకుంది. “దేవుడు ఊరికే చేసినదానికి నేను వెల కడితే ఆ పాపం నన్ను పట్టుకుంటుంది తల్లీ. కోడి గుడ్లు పెడుతుందిగా, అవి పాపకు పెట్టు” అని పంపించింది. పాప తల్లిని మాత్రం ఒకటి అడిగింది. సందు చివర బాలింత ఒకామె ఉంది, ఆమెకు ఎవరూ లేరు, రోజూ ఒక బిందెడు నీళ్లు పోసి రాగలవా అని. పాప తల్లి చాలాకాలం పోసి వచ్చింది. వాళ్లు క్రైస్తవులు కాదు. కమ్మని ఆమె అడగనూ లేదు.

నాయనమ్మ పెట్టెలో గళ్ల అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకాలు ఉండేవి. బడిలో హాజరుపట్టీ రాసిన అలవాటు కాబోలు, ప్రతి పేజీకీ స్కేలుతో నిలువు గీతలు గీసి మూడు గడులు చేసేది. మొదటి గడిలో మనిషి పేరు, రెండో గడిలో ప్రార్థన అంశం. మూడో గడిలో తను చేయవలసిన పని. ‘కాన్పు సుఖంగా జరగాలి’ అన్నదానికి ఎదురుగా మూడో గడిలో ‘పాత చీరలు ఉతికి ఇవ్వాలి’. ‘పదో తరగతి గట్టెక్కాలి’ అన్నదానికి ఎదురుగా ‘సాయంత్రం లెక్కలు, తాతగారికి అప్పగించడం’. ‘అత్తాకోడళ్ల మధ్య సమాధానం’ అన్నదానికి ఎదురుగా ‘ఒకరి మాట ఒకరికి మోయకూడదు’. ఇది చదివినప్పుడు నాకు పన్నెండో పదమూడో ఏళ్లు ఉంటాయి. మూడో గడి ఖాళీగా ఉన్న పేరు ఒక్కటైనా ఉందేమోనని వెతికాను. చాలా పేర్లకు ఎదురుగా ‘వెళ్లి కూర్చోవాలి’ అని మాత్రమే ఉంది, కానీ ఖాళీ గడి కనిపించలేదు.

నిర్ధారణకు, అంటే ఎదిగిన పిల్లల్ని సంఘంలో పూర్తి సభ్యులుగా చేర్చుకునే ఆచారానికి, మమ్మల్ని తయారుచేసేటప్పుడు మా లూథరన్ సంఘాలకు మూలపురుషుడైన మార్టిన్ లూథర్ 1529లో రాసిన చిన్న ప్రశ్నోత్తరి కంఠతా పట్టించేవాళ్లు. దేవుని నామాన్ని వ్యర్థంగా ఉచ్చరించకూడదనేది అందులో రెండో ఆజ్ఞ (లూథరన్ల లెక్క అది. మిగిలిన ప్రొటెస్టంట్లకు అదే మూడోది, ఈ తేడా మీద బడిలో మేం పిల్లలం తెగ వాదించుకునేవాళ్లం). ఆ ఆజ్ఞకు లూథర్ చెప్పిన వివరణలో శాపాలు, ఒట్లు, మంత్రాలతో పాటు, దేవుని పేరు పెట్టి అబద్ధమాడడం, మోసగించడం కూడా ఉన్నాయి. నాయనమ్మ ఆ చివరి రెండింటి దగ్గర మమ్మల్ని ఆపి మళ్లీ అప్పజెప్పించేది.

అలా ఎందుకు ఆపేదో ఒక శుక్రవారం నాకు అర్థమైంది. ఉపవాస ప్రార్థన మా ఇంట్లోనే జరుగుతోంది. దర్శనాలు చూస్తుందని పేరున్న ఒకామె లేచి, ఫలానావారి అమ్మాయికి ఫలానా సంబంధమే చేయాలని దేవుడు తనకు రాత్రి చూపించాడని చెప్పింది. ఆ అమ్మాయి తల్లి వెంటనే ఏడుస్తూ స్తోత్రాలు చెప్పడం మొదలుపెట్టింది. అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుని చాప పుల్లలు పీకుతోంది. నాయనమ్మ ప్రార్థన ఆపించింది. “దేవుడు చెప్పాడు అనే మాట చాలా బరువమ్మా. ఆ అబ్బాయి ఎలాంటివాడో విచారించావా? రేపు ఈ పిల్ల కష్టపడితే దేవుణ్ణి తిట్టుకుంటుంది. అప్పుడు ఆ నింద నువ్వు మోస్తావా?” అని అడిగింది. ఆమె మాట్లాడలేదు. నాయనమ్మ అమ్మాయి వైపు తిరిగి, “నిన్ను ఎవరైనా అడిగారా అమ్మా?” అంది. అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ఆ సంబంధం అక్కడితో ఆగింది. దర్శనాల ఆమె మా ఇంటికి రావడం మానేసింది. నాయనమ్మే తర్వాత వారం వాళ్లింటికి వెళ్లి, కాఫీ తాగి, కూర్చుని వచ్చింది.

1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన రోజు. గుంటూరులో మాకు ఆ రాత్రంతా గాలి. మా పెంకుటిల్లు నిలిచింది, వెనక సందులో పూరిళ్లు పడిపోయాయి. సముద్రం ఊళ్ల మీదికి వచ్చి వేల మందిని తీసుకుపోయిందన్న సంగతి మాకు ఆ తర్వాత రేడియోలోనూ పేపర్లలోనూ కొంచెం కొంచెంగా తెలిసింది. తెలిసే కొద్దీ ఇంట్లో ఎవరికీ అన్నం సహించలేదు. బాపట్లలో చర్చిలోకి వెళ్లి తలదాచుకున్నవాళ్ల మీద ఆ చర్చే కూలిందని విన్న పూట నాయనమ్మ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో నోరు తెరవలేకపోయింది. తాతగారే ముగించారు.

తర్వాతి వారం ఆదివారం, క్రిస్మస్‌కు ముందు వచ్చే ఆగమన కాలపు మొదటి ఆదివారం. ఆరాధన అయ్యాక చెట్టు కింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. మా పక్కింటి ఆమె అందరికీ వినబడేలా, “మా ఇంటి పెంకు ఒక్కటి కదల్లేదు. అంతా పంతులమ్మగారి ప్రార్థనా బలమే” అంది. మంచి మనసుతోనే అంది. నాయనమ్మ ముఖం ఎర్రబడింది. నేను ఆమెను అంత కోపంగా మళ్లీ ఎప్పుడూ చూడలేదు.

“అలా అనకు. బాపట్ల చర్చిలో ఉన్నవాళ్లు ప్రార్థన చేయలేదనుకుంటున్నావా? మనకంటే గట్టిగా చేసి ఉంటారు. వాళ్లు పోయారు, మనం మిగిలాం. ఎందుకు మిగిలామో నాకు తెలియదు, నీకూ తెలియదు. మీ ఇంట్లో చీరలు ఎన్ని ఉన్నాయో అది చెప్పు.”

ఆ చెట్టు కిందే పని మొదలైంది. స్త్రీల సమాజంలో పిడికెడు బియ్యం అనే అలవాటు ఉండేది. అన్నం వండే ప్రతి పూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసి, నెలాఖరుకు గుడికి తెచ్చేవాళ్లు. ఆ కుండలన్నీ ఆ సాయంత్రమే మా వసారాలోకి వచ్చాయి. బట్టల మూటలు వచ్చాయి. నాయనమ్మ ప్రతి చీరా విప్పి, వెలుతురుకు పట్టి చూసేది. చిరిగినది కనిపిస్తే తెచ్చినవాళ్ల చేతికే తిరిగి ఇచ్చేసేది. “మసిగుడ్డ చేసుకోండి. సర్వం పోయినవాళ్లకు మనం కట్టలేనిది ఇస్తామా?” చొక్కాలకు గుండీలు కుట్టే పని మా పిల్లలది. మా అక్క వేళ్లకు సూదులు గుచ్చుకుని ఏడ్చింది.

రేపల్లె వైపు సరుకు ఎవరు తీసుకెళ్లాలన్నప్పుడు చిన్న వాదన వచ్చింది. సంఘపెద్దల్లో ఒకాయన, మూటలు మోయడం, పంచడం కుర్రాళ్లు చూసుకుంటారు, పెద్దలం మనం ప్రార్థనలో ఉందాం అన్నారు. నాయనమ్మ బైబిలు తెరిచి అపొస్తలుల కార్యములు ఆరో అధ్యాయం చదవమని ఆయనకే ఇచ్చింది. యెరూషలేములో విధవరాండ్రకు రోజూ పెట్టే భోజనంలో కొందరికి అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చినప్పుడు, ఆ వడ్డన చూడడానికి ఆత్మతోనూ జ్ఞానంతోనూ నిండిన ఏడుగురిని ఏర్పరచుకున్నారు. అందులో స్తెఫను ఒకడు. “వడ్డించడానికి ఆత్మ నిండినవాళ్లు ఎందుకో ఆలోచించండి అయ్యగారూ. ఆకలిగొన్నవాళ్ల మధ్య సరుకు పంచేటప్పుడు ఎంత తప్పు జరగగలదో వాళ్లకు తెలుసు” అంది. ఆయన పుస్తకం మూసి, తానే వెళతానన్నారు. వెళ్లారు కూడా. తిరిగి వచ్చాక ఎన్ని బస్తాలు, ఎన్ని చీరలు, ఏ ఊళ్లో ఎవరికి ఇచ్చారో గుడిలో నిలబడి చదివి వినిపించారు. చదువుతూ చదువుతూ మధ్యలో కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. ఆ రోజు నుంచి ఆయనంటే నాకు గౌరవం పెరిగింది.

ఇంత రాసి చిన్నాన్న సంగతి దాటేస్తే నిజం సగమే చెప్పినట్టు. ఆ రాత్రి రిక్షాలో పాపను ఆసుపత్రికి తీసుకెళ్లిన చిన్నాన్నే, లారీ ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనికి కుదిరాక తాగుడుకు అలవాటు పడ్డాడు. ఊరందరికీ ప్రార్థించే పంతులమ్మగారి కొడుకే ఇలా అయ్యాడేమిటని చెవులు కొరుక్కున్నారు. నాయనమ్మ దాచలేదు. శుక్రవారం ప్రార్థనలో తన కొడుకు పేరు తానే చెప్పి, నా కోసం మీరు అడగండి అనేది. ఆమె చేతుల కింద ఎంతోమంది పిల్లల జ్వరాలు తగ్గాయి. సొంత కొడుకు తాగుడు మాత్రం ఆమె పోయేదాకా తగ్గలేదు, పోయాక కూడా తగ్గలేదు. అపొస్తలుడు పౌలు తన శరీరంలో ముల్లులా ఉన్న బాధను తీసేయమని మూడుసార్లు వేడుకున్నా దేవుడు తీయలేదు కదా అని ఒకసారి తాతగారితో అనడం విన్నాను. అంతకు మించి ఆ సంగతి ఎవరితోనూ మాట్లాడలేదు.

ఆమె పోయిన తర్వాత నోటుపుస్తకాలు నాకు వచ్చాయి. వాటిలో చిన్నాన్న పేరు పేజీ పేజీకీ ఉంది. ఎదురుగా మూడో గడిలో ప్రతిసారీ ఒకటే: ‘అన్నం మూత పెట్టి ఉంచాలి. తలుపు గడియ వేయకూడదు. వచ్చాక తిట్టకూడదు.’

మా కాలనీలో ఒకాయనకు చాలా ఏళ్లుగా షుగరు. ఒక స్వస్థత సభలో వేదిక మీది నుంచి, నీకు నయమైపోయింది, మందులు వేసుకుంటే అవిశ్వాసమే అని చెప్పారు. ఆయన మానేశాడు. కాలికి పుండు పడింది, ముదిరింది, చివరకు పాదం తీసేశారు. వేదిక మీద ఆ మాట అన్న మనిషి ఆ తర్వాత ఈయన ఏమయ్యాడని ఒక్కసారైనా కబురు చేయలేదు. నాకు కడుపు మండేది అక్కడే. స్వస్థత అడగడంలో తప్పు లేదు. అద్భుతం జరిగిందనుకుని పొరబడడం కూడా క్షమించగలను. తల మీద చెయ్యి పెట్టి, అంత పెద్ద మాట అని, మర్నాడు ఆ మనిషి ఇంటికి వెళ్లకపోవడం మాత్రం నాకు మింగుడుపడదు. డెబ్బైమంది శిష్యులు దయ్యాలు కూడా మాకు లోబడుతున్నాయని సంబరంగా తిరిగి వచ్చినప్పుడు ప్రభువు వాళ్లకు అధికారం ఇచ్చాననే చెప్పాడు, కానీ దాన్ని చూసుకుని సంతోషించవద్దన్నాడు. లూకా సువార్త పదో అధ్యాయంలోని ఆ మాట సభల్లో చదివేవాళ్లు తక్కువ.

ఇప్పుడు మా సంఘంలో శుక్రవారం కూటానికి నేనూ ఒక బాధ్యుణ్ణి. ప్రార్థన అంశాలు చీటీల మీద రాసి పెట్టెలో వేయడం, వాటిని ఒకరు గడగడా చదివేయడం ఆనవాయితీగా ఉండేది. నేను నాయనమ్మ పద్ధతిలో మూడు గడుల పుస్తకం పెట్టించాను. అందరికీ నచ్చలేదు. ఇది ఆత్మీయ కార్యమా, ఆఫీసు రిజిస్టరా అని పెద్దాయన ఒకరు ఇప్పటికీ అడుగుతూనే ఉంటారు. ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. గడి నింపడమే భక్తి అనుకునే ప్రమాదం లేకపోలేదు. అందుకే ముందు మోకాళ్లు, తర్వాతే పుస్తకం అని నియమం పెట్టుకున్నాం. కుర్రాళ్లకు మాత్రం ఇది బాగా పట్టింది. పాదం పోయిన ఆయన్ను పరీక్షలకు ఆసుపత్రికి తీసుకెళ్లే వంతు వాళ్లలో వాళ్లే వేసుకున్నారు. మందులు వేళకు వేసుకుంటున్నాడో లేదో చూసే పని ఒక నర్సింగు విద్యార్థిని తీసుకుంది.

పోయిన వారం మిర్చి యార్డులో ముచ్చికలు తీసే ఒకామె వచ్చింది. భర్త వదిలేసి వెళ్లాడు, ఇద్దరు పిల్లలు, ఊపిరి ఆడక రాత్రుళ్లు దగ్గు. ఆమె పేరుకు ఎదురుగా మూడో గడిలో ఛాతీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేవాళ్ల పేరు ఉంది, పిల్లల ట్యూషనుకు ఒకరి పేరు ఉంది. రేషను కార్డు భర్త పేరు మీద ఉండిపోయింది. దాన్ని ఆమె పేరుకు మార్పించడానికి సచివాలయం చుట్టూ ఓపికగా తిరగగలిగినవాళ్లు ఒకరు కావాలి. ఈ శుక్రవారం కూటంలో అడుగుతాను.